రోడ్డు మీద పంక్తి

అన్నం ఎక్కడ కూర్చుని తింటే ఏమిటి, దానికీ ఒక గొడవేనా అని అడిగిన వాళ్ళకు నేను చెప్పే జవాబు ఒక్కటే. ముందు జనరేటరు పక్కన కూర్చుని నాలుగు ముద్దలు తిని రండి, తర్వాత మాట్లాడుకుందాం.

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడిచిన ఏడాది అది. వానలు వెనకపట్టి దసరా దగ్గర పడుతోంది. బడులు బందు, బస్సులు బందు, సర్కారు ఆఫీసులు బందు. బొగ్గు గనుల వాళ్ళు కూడా పని ఆపేసరికి కరెంటుకు కటకట వచ్చింది. హైటెక్ సిటీలో మా అద్దాల బిల్డింగు మాత్రం ఒక్క పూట కూడా బందు కాలేదు. ముందు పోలీసు జీపు నడిస్తే వెనక కంపెనీ బస్సులు వచ్చేవి. కరెంటు పోతే జనరేటరు అందుకునేది.

ఆ బిల్డింగులో నాది హౌస్‌కీపింగ్ పని. నాతో కలిపి పదకొండు మంది ఆడవాళ్ళం, అందరమూ తెలంగాణ జిల్లాల వాళ్ళమే. అన్నం తినడానికి మాకు చూపించిన చోటు సెల్లారులో ఉండేది. జనరేటరు గదిని ఆనుకుని, చీపుర్లూ ఫినాయిలు డబ్బాలూ పెట్టే మూల. ఆరో అంతస్తులో పెద్ద క్యాంటీను ఉంది. రోజుకు ఆరుసార్లు దాన్ని తుడిచేది మేమే. అక్కడ కూర్చుని తినడానికి మాత్రం మాకు లేదు. ఆ మాట ఏ కాగితం మీదా రాసి లేదు. యూనిఫారంలో ఉన్నవాళ్ళు ఎంప్లాయీసుకు కనబడేచోట తినకూడదని నోటి మాటగా చెప్పారు, మేమూ నోరు మూసుకుని విన్నాం.

మామూలు రోజుల్లో జనరేటరు ఏ పావుగంటో మోగి ఆగేది. సమ్మె మొదలయ్యాక పొద్దంతా అదే మోత. పొగ సెల్లారులోనే తిరిగేది, కళ్ళు మండేవి, పక్క మనిషి మాట వినపడేది కాదు. మాలో పెద్దది యాదమ్మ. ఆమెకు అసలే ఆయాసం. రెండు ముద్దలు మింగి, దగ్గి, డబ్బా మూసేసేది. వారం రోజులు అట్లా చూశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

ఫెసిలిటీ మేనేజరు పార్థసారథి గారు. గుంటూరు వైపు మనిషి, ఊడ్చే వాళ్ళను కూడా గారు అని పిలిచేవారు. ఆ మర్యాద చూసే నాకు ధైర్యం వచ్చింది.

"సారూ, యాదమ్మకు ఊపిరాడ్తలేదు. సమ్మె అయ్యేదాంక పైన క్యాంటీన్ల ఒక మూలకు తింటం. అందరు తిన్నంకనే పోతం" అన్నాను.

ఆయన కంప్యూటరు మీద నుంచి చూపు తిప్పలేదు. "చూడండి వసంతగారూ, కరెంటు తీసింది నేను కాదు కదండీ. సమ్మె చేస్తున్నది మీ వాళ్ళే. వెళ్ళి వాళ్ళకు చెప్పండి, జనరేటరు ఆగిపోతుంది."

పక్క బల్ల దగ్గర ఇద్దరు నవ్వారు. నా నోటికి తాళం లేదని మా అత్త రోజూ అంటుంది. ఆ రోజు మాత్రం మాట పెగల్లేదు. మాప్ కర్ర పట్టుకుని బయటికి వచ్చేశాను. ఆయన మీద కన్నా, ఏమీ అనకుండా వచ్చినందుకు నా మీద నాకే ఎక్కువ ఒళ్ళు మండింది.

మేము కొండాపూర్‌లో, అపార్ట్‌మెంట్ల వెనక సందులో కిరాయికి ఉండేవాళ్ళం. నేను, ఆటో నడిపే నా మొగుడు సాయిలు, మా అత్త సత్తెమ్మ. మేడ మీది ఒంటి గదిలో అల్మాజ్ ఉండేది. ఇథియోపియా నుంచి యూనివర్సిటీలో చదువుకోవడానికి వచ్చిన పిల్ల. చదువు యూనివర్సిటీలో నేర్చుకున్నా తెలుగు మాత్రం మా అత్త దగ్గరే నేర్చుకుంది. అందుకని నిలువెత్తు పిల్ల నోరు తెరిస్తే మెదక్ జిల్లా ముసలమ్మ మాట్లాడినట్టు ఉండేది.

ఆ మంగళవారం పొద్దున మెట్ల మీద కూర్చుని అడిగింది. "అక్కా, రేపు మా పండుగ. శిలువ దొర్కిన పండుగ. మెదక్‌ల పెద్ద చర్చి ఉన్నదట గద. పోయి మొక్కి మాపటికి వద్దమా?"

"బస్సులు యాడున్నయ్ పిల్లా?"

"బావ ఆటో ఉన్నది గద."

సాయిలు తాగుతున్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మెదక్ దాంకనా? ఆటోలనా? నడుములు విరుగుతయ్. మీదికెళ్ళి రోడ్లన్ని బందు."

లోపల బియ్యం ఏరుతున్న మా అత్త అక్కడి నుంచే అందుకుంది. "దేశం గాని దేశం వచ్చిన పిల్ల పండుగకు నోరు తెరిచి అడిగితె లేదంటవారా? నీ నడుము విరిగితె నేను కాపడం పెడ్త. తీస్కపో."

బుధవారం నాకు ఎట్లాగూ సెలవే. పొద్దు పొడవకముందే బయలుదేరాం. మియాపూర్ మీదుగా బాచుపల్లి దాటి, దుండిగల్ దాటాక కాస్త గాలి ఆడింది. రోడ్డు పక్కన తంగేడు విరగబూసి ఉంది. ముందు రోజే బతుకమ్మ మొదలైంది కాబట్టి ఆడవాళ్ళు గంపలతో పూలు కోస్తున్నారు. అల్మాజ్ ఆటో ఆపించి దిగింది. ఒకామె ఆ పిల్లను కిందికీ మీదికీ చూసి, చేతినిండా తంగేడు పెట్టి పంపించింది.

"మా దిక్కు గూడ ఈ పండుగకు పసుపు పూలే అక్కా. గిట్లనే గుట్టలన్ని పూస్తయ్" అని దారంతా ఆ పూలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తన అమ్మ గుర్తొస్తోందని ఒకసారి అన్నది.

నర్సాపూర్ చౌరస్తా దగ్గర ఆగిపోయాం. రోడ్డుకు అడ్డంగా బండలు, ఎడ్లబండ్లు, టెంటు. బడిపంతుళ్ళు, తహసీల్ ఆఫీసు వాళ్ళు, నల్లకోట్ల వకీళ్ళు, బీడీలు చుట్టే ఆడవాళ్ళు, అందరూ రోడ్డు మీదే ఉన్నారు. ఆ రోజు అక్కడ వంటా వార్పు. అంటే రోడ్డు మూసి, నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, అక్కడే వండుకుని అక్కడే తినడం. పంక్తి లేచాకే బండ్లు వదులుతారు. ఆగినవాళ్ళు కూడా తినే పోవాలి.

తలకు తువ్వాల చుట్టుకున్న ఒక పెద్దమనిషి మా ఆటో దగ్గరికి వచ్చాడు. పేరు చెన్నకేశవులు, ఊరి బడిలో హెడ్‌మాస్టరట. సాయిలు దండం పెట్టాడు. "సార్, ఈ పిల్ల పండుగకు పోతున్నది. జర ఇడువుండ్రి."

"ఇడుస్తం తమ్మీ. బువ్వ తిన్నంక ఇడుస్తం. పోలీసోళ్ళకైనా గదే మాట, పెండ్లి బస్సుకైనా గదే మాట."

ఇక చేసేది లేక దిగి నిలబడ్డాం. నిలబడ్డాక నా కళ్ళు పొయ్యి మీద పడ్డాయి. అంత పెద్ద గుండిగ కింద ఒక్క వైపే మంట. గాలికి ఎదురుగా పొయ్యి నోరు పెట్టారు. అటు పక్క బియ్యం మాడుతున్నాయి, ఇటు పక్కవి ఇంకా ఉడకనే లేదు. నలుగురు పంతుళ్ళు చుట్టూ నిలబడి సలహాలు చెప్పుకుంటున్నారు. కాసేపు ఓర్చుకున్నాను.

"ఏం సారు, బడిల పిల్లలకు గూడ గిట్లనే చెప్తరా? ఒక దిక్కే మంట వెడ్తె బియ్యం ఎట్ల ఉడుకుతయ్?" అనేశాను.

సాయిలు నా మోచేయి గిల్లాడు. హెడ్‌మాస్టరు మాత్రం నవ్వి చేతిలో తెడ్డు నా చేతికిచ్చారు. "పొద్దటిసంది ఎవలన్న గిట్లంటరేమో అని చూస్తున్న బిడ్డా. ఏం జేయాల్నో నువ్వే చెప్పు."

కొంగు నడుముకు చెక్కాను. తహసీల్ ఆఫీసు గుమాస్తాలతో పొయ్యి రాళ్ళు జరిపించాను. ఒక వకీలు సాబును కోటు విప్పి కట్టెలు ఎగదొయ్యమన్నాను, ఆయన ఎగదోశాడు. అల్మాజ్ టమాటాలు కోసింది. మిట్టమధ్యాహ్నానికి అన్నం, టమాటా పప్పు, పచ్చిపులుసు తయారయ్యాయి. నేను చెబితే ఇంతమంది వినడం నాకు అదే మొదలు. ఎంత సంతోషమైందో దాచుకోవడం ఎందుకు, ఆ సంతోషం మొహం మీదే కనపడి ఉంటుంది.

తారు రోడ్డు మీద ఎదురుబొదురుగా రెండు వరసలు విస్తళ్ళు వేశారు. రెండు వందల మంది కూర్చున్నారు. లారీ డ్రైవర్లు, పంతుళ్ళు, ఎవరి పక్కన ఎవరు అని లేదు. నేను కొసదాకా వడ్డించాను. తర్వాత ఒక విస్తట్లో నాకు పెట్టుకున్నాను.

పెట్టుకుని, ఆగి ఉన్న ఒక లారీ వెనక్కి పోయాను. టైరు పక్కన గొంతుక్కూర్చుని గబగబా తినడం మొదలుపెట్టాను. నన్ను ఎవరూ పొమ్మనలేదు. అటు పోవాలని నేను అనుకోనూ లేదు. కాళ్ళు వాటంతట అవే పోయాయి. ఇంజను ఇంకా వేడిగా ఉంది, డీజిలు వాసన వస్తోంది.

అల్మాజ్ వెతుక్కుంటూ వచ్చింది. "అక్కా, గీడ తింటున్నవేంది?"

"ఏం లేదు, ఊకెనే."

"ఎవలన్న ఏమన్న అన్నరా?"

"లేదు."

"పాణం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న."

"మరి?"

నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఐదేళ్ళుగా జనరేటరు పక్కన తిని తిని, నలుగురి ముందు అన్నం తినడమే మరిచిపోయానని ఆ లారీ టైరు పక్కన తెలిసింది. ఆ వెంటనే కోపం వచ్చింది. అంత కోపం నాకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

అల్మాజ్ నా విస్తరి తీసుకుని ముందు నడిచింది. నేను వెనక నడిచాను. పంక్తిలో ఎవరూ లేవలేదు. చాలామంది తినడం అయిపోయింది, ఖాళీ విస్తళ్ళ ముందు కూర్చునే ఉన్నారు.

"వండినామె కూసోలేదని లెవ్వలే బిడ్డా" అన్నారు హెడ్‌మాస్టరు. "పంక్తిల ఒక్కలు తింటున్నా తతిమోళ్ళు లేవొద్దు గద."

అల్మాజ్ పక్కన కూర్చుని ఒక ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టింది. "మా దిక్కు పండుగనాడు గిట్ల తినిపిస్తం అక్కా. వద్దంటే తప్పు." తిన్నాను. ఎదురుగా రెండు వందల మంది ఉన్నారు, తలెత్తి తిన్నాను.

అంతలో ఎస్సై జీపు దిగి వచ్చాడు. వెనక కిలోమీటరు దూరం బండ్లు ఆగి ఉన్నాయి. "సార్, తినుడు అయిపోయింది గదా. ఇంకెంతసేపు?"

హెడ్‌మాస్టరు నా వైపు చూపించారు. "ఆమె తినేదాంక."

ఎస్సై నన్ను చూశాడు. నేను పచ్చిపులుసు ఇంకొంచెం పోయమన్నాను.

రోడ్డు తెరిచేసరికి మూడు దాటింది. ఇక మెదక్ పోయి రావడం కాని పని. పిల్ల పండుగ చెడిపోయిందని నాకు బాధగా ఉంది. "చర్చి ఏడికి వోతది అక్కా, మల్లొద్దం. పండుగైతే అయ్యింది గద" అన్నది అల్మాజ్. ఆటో వెనక్కి తిప్పాం.

గురువారం సెల్లారులో జనరేటరు మోతలో, ఒక్కొక్కరి చెవి దగ్గర నోరు పెట్టి నర్సాపూర్ సంగతి చెప్పాను. బాలమ్మ భయపడింది. జ్యోతి పని పోతదేమో అన్నది. పోవచ్చు అన్నాను, అబద్ధం చెప్పలేదు. యాదమ్మ దగ్గు ఆగేదాకా ఆగి, "గుండిగ ఎవలు తెస్తరు?" అని అడిగింది. దాంతో తేలిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల గంటకు పదకొండు మందిమీ యూనిఫారాల్లోనే బయటికి వచ్చి మెయిన్ గేటుకు అడ్డంగా కూర్చున్నాం. సాయిలు ఆటోలో గుండిగ, కట్టెలు, ఇటుకలు తెచ్చి దింపాడు. మూడు ఇటుకల పొయ్యి వెలిగింది. ఇటు రెండు కంపెనీ బస్సులు, అటు నాలుగు కార్లు ఆగిపోయాయి. గేటు సెక్యూరిటీ సిద్దిపేట మనిషి. మమ్మల్ని చూడనట్టు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

పార్థసారథి గారు పరుగున వచ్చారు. "ఏంటండీ ఇది? రాజకీయాలన్నీ గేటు బయట అని మనం ముందే అనుకున్నాం కదా."

"గేటు బయటనే ఉన్నం సారూ."

"యూనిఫారంలో ఉన్నారండీ. విజిటర్లు చూస్తారు."

"చూడాలెననే కూసున్నం."

ఆయన గొంతు తగ్గించారు. "వసంతగారూ, మీరు తెలివైనవారు. లేవండి, నేను మాట్లాడతాను."

"మొన్న మీరేమన్నరు సారూ? పోయి మీ వాళ్ళకు చెప్పుకోమన్నరు. పోయి చెప్పొచ్చిన. వాళ్ళు కూసోవెట్టి బువ్వ వెట్టిన్రు. ఇగ ఇప్పుడు మీకు చెప్తున్న." ఒక విస్తరి తీసి ఆయన ముందు వేశాను. "కూసోండ్రి. ఆగినోళ్ళు తినే పోవాలె."

ఆయన మొహం ఎర్రబడింది. కూర్చోలేదు, లోపలికి పోనూ లేదు. అద్దాల వెనక ప్రతి అంతస్తులోనూ జనం నిలబడి చూస్తున్నారు. ఆగిన బస్సులోంచి మెడలో కార్డు వేసుకున్న ఒక అబ్బాయి దిగాడు. నాలుగో అంతస్తులో పనిచేసే అవినాష్, అతని బల్ల నేను రోజూ తుడుస్తాను. "మాది భీమవరం అండీ. నాకూ పెడతారా?" అని మొహమాటంగా అడిగాడు.

"ఊరు అడిగినమా నాయినా, కూసో" అన్నది యాదమ్మ. అతని వెనక ఇంకో ఏడెనిమిది మంది వచ్చారు.

అందరమూ తినేశాం, యాదమ్మ తప్ప. ఆయాసానికి ఆమె ఒక్కో ముద్దా ఆగి ఆగి తింటుంది. జనరేటరు పొగ లేదు, మోత లేదు. ఆ రోజు ఆమె విస్తరి ఊడ్చినట్టు తిన్నది, రెండోసారి వేయించుకుని మరీ తిన్నది. ఆమె చేయి కడిగేదాకా మేము లేవలేదు. అవినాష్ లేవబోతే జ్యోతి చేయి పట్టి కూర్చోబెట్టింది.

ఆ సాయంత్రం గేటు దగ్గర మా గుర్తింపు కార్డులన్నీ తీసేసుకున్నారు. శని, ఆది, సోమవారాలు ఇంటి దగ్గరే ఉన్నాం. నాలుగో రోజు పొద్దున ఆఫీసు నుంచి రమ్మని ఫోన్లు వచ్చాయి. మూడు రోజులకే బిల్డింగు బాత్రూముల్లోకి ఎవరూ పోలేకపోయారని తర్వాత తెలిసింది.

పార్థసారథి గారు నన్ను ఒక్కదాన్నీ గదిలోకి పిలిచారు. మిగతా పది మందిని తీసుకుంటున్నామని చెప్పారు. క్యాంటీనులో చివరి రెండు బల్లలు రెండు గంటల నుంచి మావే అన్నారు. తర్వాత ఒక కాగితం నా వైపు జరిపారు. తోటి పనివాళ్ళను రెచ్చగొట్టాను, తప్పయింది, మళ్ళీ చేయను అని తెలుగులో టైపు చేసి ఉంది.

"ఒక్క సంతకం అండీ. పైవాళ్ళకు చూపించడానికే. మీ పని సంగతి నాకు తెలుసు."

"తప్పేందో చెప్పుండ్రి సారూ, పెడ్త."

"గేటు ముందు వంట..."

"ఆకలైతె వండుకొని తిన్నం. మమ్ముల ఐదేండ్లు జనరేటరు పక్క కూసోవెట్టింది తప్పని ఈ కాయితంల మీరొక మాట రాసి సంతకం వెట్టుండ్రి. దాని కింద నేను వెడ్త."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీతో కష్టమండీ" అన్నారు చివరికి. ఆ మాటలో కోపం లేదు. నేను లేచి వచ్చేశాను.

ఇంటికి వచ్చి సంగతి చెబితే సాయిలు "మంచిగనే జేసినవ్ గని" అని ఆగిపోయాడు. ఆ 'గని' వెనక ఇల్లు ఎట్లా నడుస్తుందన్న భయం ఉంది. అది నాకూ ఉంది. మా అత్త మాత్రం ఒక్కటే అడిగింది.

"సంతకం వెట్టినవా?"

"లేదత్తా."

కొడుకు తిన్నాక, నేను తిన్నాక, తలుపు వెనక కూర్చుని మిగిలింది తినడం ఆమెకు అలవాటు. ఆ పూట మూడు కంచాలు తెచ్చి నడింట్లో ఒక వరసలో పెట్టింది. తనది మధ్యలో పెట్టుకుంది.

మర్నాడు, దసరాకు ముందు రోజు, మధ్యాహ్నం రెండు దాటాక ఫోను మోగింది. యాదమ్మ.

"కూసున్నరా?" అన్నాను.

"కూసున్నం. కిటికి పక్కపొంటి. ఈడికెళ్ళి చెరువు కనవడ్తది వసంతా. ఇన్నేండ్లు తుడిస్తి గని ఎన్నడు సూడనే లేదు." ఆమె గొంతులో ఆయాసం లేదు. వెనక పళ్ళేల చప్పుడు, బాలమ్మ నవ్వు వినపడుతున్నాయి.

"ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఒకామె మమ్ముల జూసి పళ్ళెం పట్కొని లేసి వోయింది."

"మరి మీరు?"

"మేమెందుకు లేస్తమే. జ్యోతి ఇంక తింటనే ఉండె."